పెద్ద సిస్టరమ్మ ఊపిరి

"తోక నువ్వు పట్టుకో. గట్టిగా కాదు. ఉతికిన ఊలు చొక్కా సాగిపోకుండా మోస్తామే, అలా కింద రెండు చేతులూ పెట్టి మొయ్యి. బరువు నువ్వు మోస్తున్నావని తెలిస్తే అది పెనుగులాడదు. ఇప్పుడు దీపం ఇటు తిప్పు. ఇటు, అమ్మాయ్, నా మొహం మీదకి కాదు. నా నోట్లో చూడ్డానికి ఏముంది, అన్నీ కట్టుడు పళ్ళే."

ఎర్సీలియా పిన్ని వంటింటి బల్ల మీద పాత వార్తాపత్రికలు పరిచి ఉన్నాయి. పొయ్యిలో కట్టెలు కాలుతున్నాయి. నా చేతుల్లో దాదాపు నా నిలువంత పొడవున్న గోధుమరంగు పాము. మెడ నుంచి తోక దాకా నాలుగు నల్లటి చారలు. మా కొండల్లో రాళ్ళ మధ్య పుట్టే పాము, విషం లేనిది, నెమ్మదైనది. మఠంలో పెద్ద సిస్టర్‌లా తొందరపడకుండా, అందరినీ ఓ కంట కనిపెడుతూ నడుస్తుందని పిన్ని దానికి పెద్ద సిస్టరమ్మ అని పేరు పెట్టింది.

పిన్ని ఎడమచేత్తో దాని తల వెనక పట్టుకుని, ఎప్పుడో చెల్లకుండా పోయిన టెలిఫోన్ కార్డు అంచుని పెదవి పక్కనుంచి లోపలికి జార్చింది. నోరు తెరుచుకుంది.

"చూశావా? మంచి పాము నోరు పిల్లి నోరులా లేత గులాబీరంగులో ఉండాలి. శుభ్రంగా, కొద్దిగా తడిగా. ఇదేమిటి? చిగుళ్ళ మీద ఎర్రచుక్కలు. పళ్ళ వరస పొడుగునా పాలు విరిగినట్టు తెల్లగా ముద్దలు. ఈ ఉమ్మి చూడు, ముదురుపాకంలా తీగసాగుతోంది."

"ఆ తెల్లది పీకెయ్యొచ్చుగా పిన్నీ?"

"నీ మోకాలి మీద పొక్కు ఎవరన్నా పీకితే ఊరుకుంటావా? తడపాలి. తడిపితే వదిలింది తియ్యాలి. వదలంది రేపు వదులుతుంది."

కింద పట్నం సుల్మోనాలో పశువుల డాక్టరమ్మ ఇచ్చిన మందుని కాచి చల్లార్చిన నీళ్ళలో పల్చగా కలిపి, పుల్లకి చుట్టిన దూదితో చిగుళ్ళు తుడిచింది. తుడిచేటప్పుడు పాము తల కిందికి వంచే ఉంచింది. కారిన చుక్క బయటికి, కాగితం మీదికే పడాలి తప్ప లోపలికి పోకూడదట.

"ఇక్కడ చూడు, నాలుక మొదట్లో చిన్న సందు. తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అదీ గాలి పోయే దారి. మనకి గొంతులో ఎక్కడో వెనకాల ఉంటుంది, దీనికి గుమ్మంలోనే ఉంది. అందులో ఓ చెంచాడు ఏదన్నా పోస్తే అంతే సంగతులు. ఇప్పుడు చెవి దగ్గరపెట్టి విను."

విన్నాను. ఊపిరి తీసినప్పుడల్లా లోపల టిక్కు టిక్కుమని చప్పుడు, తడి కట్టె నిప్పుల్లో చిటపటలాడినట్టు. ఒక ముక్కుపుటంలో చిన్న బుడగ పుట్టి పగిలింది.

"కుబుసం విడిచే ముందు కూడా కొన్ని ఈల వేసినట్టు ఊపిరి తీస్తాయి. ముక్కులో పాత చర్మం అడ్డం పడి. కానీ అప్పుడు కళ్ళు పాలపొరలా మసగ్గా ఉంటాయి. దీని కళ్ళు నీ కళ్ళలా తేటగా ఉన్నాయి. ఇది కుబుసం కాదు. ఇది మా మరిది నేలమాళిగ."

మా ఊళ్ళో మంచు కరిగిన దగ్గర్నుంచి మే నెల పండగ దాకా సగం ఇళ్ళలో పాములుంటాయి. రాళ్ళ కిందనుంచి పట్టుకొస్తారు, పెట్టెల్లో పెట్టుకుంటారు, పేర్లు పెడతారు, పండగనాడు మా చర్చిలోని పునీతుడి స్వరూపం, అంటే ఆయన విగ్రహం, మెడలో వేసి ఊరంతా తిప్పుతారు. మర్నాడు పట్టిన చోటే వదిలేస్తారు. పాము పునీతుడి మొహం చుట్టూ చుట్టుకుంటే పంట బావుంటుందంటారు. జారి చేతుల మీదకి దిగితే బావుండదంటారు. తల పైకెత్తి, ఆకాశంకేసి నోరు తెరిస్తే మాత్రం అది ప్రార్థన. ఆ ప్రార్థన జరిగిన ఏడాది ఊరు ఏదడిగితే అది వస్తుంది.

పాముల్ని పట్టేదీ, స్వరూపం మీద వేసేదీ మగవాళ్ళు. మధ్యలో ఉన్న వారాలన్నీ ఆడవాళ్ళవి. కాగితాలు మార్చడం, నీళ్ళు పెట్టడం, పెట్టెని పొయ్యికి మరీ దగ్గరా కాకుండా మరీ దూరమూ కాకుండా జరుపుతూ ఉండడం. ఈ పని ఎర్సీలియా పిన్ని చేసినన్నేళ్ళు ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేదు. ఎవరి పాముకి ఏమొచ్చినా ఆ వంటింటికే తెస్తారు. నయమయ్యాక తీసుకుపోతారు. పిన్ని ఒక్కసారి కూడా పామును స్వరూపం మీద వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ అడగలేదు.

పెద్ద సిస్టరమ్మని పట్టింది ఆమె మరిది క్విరీనో. స్వరూపం మోసేవాళ్ళకి పెద్ద. భార్య పోయాక ఒంటరిగా, చర్చి వెనక సందులో ఉంటాడు. మంచు ఇంకా పూర్తిగా పోకముందే దీన్ని పట్టి, వైన్ పీపాలుండే నేలమాళిగలో తీగవల పెట్టెలో పెట్టాడు. వెచ్చగా ఉంచితే పాముకి పొగరెక్కుతుందని వాళ్ళ నాన్న చెప్పాడట. అది బయటికి దారి వెతుక్కుంటూ వలకి మూతి రాసి రాసి పెదవి చీరుకుంది. ఆ చీరికలోంచి చెడు లోపలికి దిగింది. చలికీ చెమ్మకీ రొమ్ము పట్టేసింది. ముక్కులో బుడగలు కనిపించాక క్విరీనో దాన్ని గోనెసంచిలో వేసుకుని వదిన గుమ్మంలో పెట్టి, "పండగలోపల చూడు వదినా," అని వెళ్ళిపోయాడు.

"లోపలికి కూడా రాలేదు," అంది పిన్ని, పాముని పెట్టెలోకి దింపుతూ. "చెప్పులు రిపేరుకిచ్చినట్టు ఇచ్చాడు."

పెట్టె చెక్కది, లోపల నున్నగా తోమింది. ఒక మూల కింద వేడినీళ్ళ సంచి, రెండో మూల చల్లగా. పాము తనకి కావలసినచోటికి తనే జరుగుతుంది. పొడి కాగితాలు. నీళ్ళగిన్నె దీనికి వేరే. నోరు కడిగిన దూది పొయ్యిలోకి. మా ఇద్దరి చేతులూ మోచేతుల దాకా సబ్బుతో. బాగుపడేదాకా తిండి పెట్టమని బలవంతం లేదు. వెచ్చదనం లేకపోతే డాక్టరమ్మ సూది కూడా పనిచెయ్యదని పిన్ని నాకు చాలాసార్లు చెప్పింది.

ఇవన్నీ ఆమెకి పుట్టుకతో వచ్చినవి కావు. కింద లోయలో, పాములంటే చీపురు తీసే ఊళ్ళో పుట్టింది. పదిమందిలోనూ నవ్వించగల పాన్ఫీలోని ఇష్టపడి చేసుకుని ఇక్కడికొచ్చింది. వచ్చిన మొదటి వసంతంలోనే అత్తగారు ఆమె ఒళ్ళో ఒక పాముని పెట్టి, దీనికి నోట్లో పుండు, చూసుకో అంది. మా పునీతుడు పాముకాటుకే కాదు, పంటినొప్పికీ దిక్కు. ఆయన ముందు వెలిగే దీపంలో నూనె చిగుళ్ళకి రాసుకుంటే నొప్పి పోతుందని మా నమ్మకం. కొత్తకోడలు భక్తిగా ఆ నూనె తెచ్చి, చెంచాతో పాము నోట్లో పోసింది.

"నా ఒళ్ళోనే కొట్టుకుంది," అని చెప్పింది పిన్ని ఓసారి, చిక్కుళ్ళు ఒలుస్తూ. "పాము దగ్గలేదు, తెలుసా? మనకి పొరబోతే దగ్గుతాం. దానికి దగ్గు లేదు. నూనె లోపలికి పోయాక మెలికలు తిరగడం తప్ప ఏమీ చెయ్యలేదు. మా అత్త వచ్చి చూసి, పునీతుడు తీసుకున్నాడు అంది. ఏడవకే అంది. నేను చాలా ఏళ్ళు అదే నమ్మాను. నమ్మితే హాయిగా ఉండేది."

తర్వాత ఆమె సుల్మోనాలో పంచదార పూత బాదంపప్పుల కార్ఖానాలో పనికి కుదిరింది. ఆ పప్పుల్ని తీగలకి గుచ్చి, రంగుకాగితాలు చుట్టి పూలు చేసే పని. గాలి నిండా పంచదార పొడి. ఏటేటా పండగనాడు చర్చిలో గంటతాడు పళ్ళతో కరిచి లాగేది, మా ఊళ్ళో అందరిలాగే, పంటినొప్పి రాకూడదని. ఉన్న పళ్ళన్నీ ఊడేదాకా లాగింది. "చివరి ఏడు తాడుతోపాటు పన్ను కూడా వచ్చింది," అంటుంది. "మొక్కు తీరింది. పళ్ళే లేకపోతే పంటినొప్పి ఎక్కడిది?"

పాన్ఫీలో పేరు ఊళ్ళో నిలబడింది ఒక్క పండగ వల్ల. ఊటబావి ఎండిపోయిన ఏడాది అతని పాము స్వరూపం మీద తలెత్తి నోరు తెరిచింది. జనం మోకాళ్ళ మీద పడ్డారు. శీతాకాలంలో ఊట మళ్ళీ వచ్చింది. ఆ పాము మాత్రం కొండమీద వదలడానికి కూడా ఓపిక లేక ఇంట్లోనే ఉండిపోయి, పండగ దాటి వారం కూడా బతకలేదు. దాని ముక్కులో బుడగలు పిన్ని చూసింది, టిక్కు టిక్కు చప్పుడూ వింది. వాటి అర్థం మాత్రం చాలా ఏళ్ళకి, పండగ పాముల్ని చూడడానికి ఊరికి డాక్టర్లు రావడం మొదలయ్యాకే తెలిసింది. రొమ్ము కఫంతో నిండిపోయిన పాము ఊపిరి అందక తల పైకెత్తుతుంది, నోరు తెరుస్తుంది. ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. అతను భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

"మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను. ఆయనకి జీవితంలో ఉన్న గొప్ప అదొక్కటే. అదీ ఊడబెరికితే ఏం మిగులుతుంది? కానీ అమ్మాయ్, నేను పెంచిన పాము అది. ఊరంతా చప్పట్లు కొడుతుంటే ఊపిరాడక చచ్చింది. ఆ ముక్క నేను ఒక్కదాన్నే మోశాను."

పండగకి ఇంకా కొద్దిరోజులుందనగా, నేను పిన్నితో కూర్చుని కాఫీ తాగుతుండగా క్విరీనో వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చాడు. టోపీ తలమీదే ఉంది. జేబులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. దీపం నూనె.

"ఫాదర్‌ని అడిగి తెచ్చాను వదినా. రెండు చుక్కలు పొయ్యి."

"నీ బూట్లకి రాసుకో."

"పునీతుడి నూనెని అలా అనకు."

"నేను పునీతుణ్ణేమీ అనలేదు. నూనెని అంటున్నాను. నిన్ను అంటున్నాను. ఆ నూనె పోసి ఓ ప్రాణం తీశాను నేను. నువ్వప్పుడు నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నావు. మీ అమ్మ దాన్ని పెరట్లో పాతించింది, నువ్వే గొయ్యి తవ్వావు. మర్చిపోయావా?"

"మాటలు పడ్డానికి రాలేదు. పండగకి లేస్తుందా లేదా, అదొక్కటి చెప్పు."

"లేవదు. వేరే పాముల మధ్య దాన్ని వెయ్యకూడదు కూడా. దాని ఉమ్మి తగిలితే వాటికీ వస్తుంది. డాక్టరమ్మ చెప్పింది, నేనూ చెబుతున్నాను. నీ దగ్గర ఇంకో రెండున్నాయిగా, అవి వేసుకో."

"అవి పిల్లలు. పునీతుడి మెడలో దారాల్లా కనిపిస్తాయి." అతను కుర్చీలో కూలబడ్డాడు. "వదినా, బడి మూసేస్తామని కాగితం వచ్చింది. వచ్చే ఏడు పిల్లల్ని కింద ఊరికి బస్సులో పంపాలిట. బస్సు కూడా ఎన్నాళ్ళుంటుందో. జనం నన్ను అడుగుతున్నారు, ఈసారి ఏమన్నా చేస్తావా అని. మా అన్న ఉంటే చేసేవాడంటున్నారు."

పిన్ని అతనికి కాఫీ పోసింది. ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నువ్వు బడికోసం పట్నం వెళ్ళి ఆఫీసులో అరిచి రా. నువ్వు బాగా అరుస్తావు."

అప్పుడే పెట్టె మూత సందులోంచి పెద్ద సిస్టరమ్మ తల బయటికొచ్చింది. పిన్ని లేచేలోపల అది ఒళ్ళు మూడొంతులు లోపలే ఉంచి, మెడ నిట్టనిలువుగా ఎత్తింది. మూతి పైకప్పుకేసి తిరిగింది. నోరు నెమ్మదిగా తెరుచుకుంది, అలాగే ఉండిపోయింది.

క్విరీనో లేచి నిలబడి టోపీ తీశాడు.

"వదినా," అన్నాడు. "ప్రార్థన చేస్తోంది."

"ఊపిరాడక చస్తోంది. తప్పుకో."

"చూడు, అచ్చం అన్నయ్య పాములాగే. అచ్చం అలాగే."

"అవును. అచ్చం అలాగే," అంది పిన్ని, పాము మెడ కింద చెయ్యి పెట్టి. "అదీ ఇలాగే చచ్చింది. టోపీ పెట్టుకుని ఇంటికి పో క్విరీనో."

అతను పోయాడు. నూనెసీసా బల్ల మీదే మర్చిపోయాడు, లేక వదిలేశాడు. మర్నాటికల్లా రొట్టెల దుకాణంలో వేరే మాటే లేదు. సాయంత్రం ముగ్గురు ఆడవాళ్ళు కొవ్వొత్తులతో పిన్ని గుమ్మంలో నిలబడ్డారు. ఒక్కసారి చూసి దణ్ణం పెట్టుకుని పోతామన్నారు. ఒకామె లోపలికి తొంగిచూస్తూనే కొవ్వొత్తి వెలిగించింది. పిన్ని వెళ్ళి ఉఫ్‌మని ఊదేసింది.

"దానికే గాలి చాలడంలేదు తల్లీ. పొగ కూడా పెడతావా?"

"మా మనవడి బడి కోసం ఎర్సీలియా. నీకు పిల్లలు లేరు, నీకేం తెలుస్తుంది?"

పిన్ని తలుపు వేసింది. ఆ రాత్రి పాము కొంచెం కుదుటపడింది, చిగుళ్ళ మీద తెల్లటి ముద్దలు చాలావరకు వదిలాయి. ఆమె వదిలిన ముద్దల్ని కాగితం మీద పెట్టి నాకు చూపించింది, ఎవరన్నా చేతికుట్టు చూపించుకున్నట్టు. "ఇంకో వారం ఇలాగే వెచ్చగా ఉంటే నిలబడుతుంది," అంది. ఆమె మొహంలో ఆశ చూడడం అదే మొదలు, నాకు గుర్తున్నంతలో.

సూదిమందు అయిపోయింది. డాక్టరమ్మ పండగరోజు పొద్దున ఆసుపత్రి తెరవకపోయినా ఇంటికొస్తే ఇస్తానంది. చలిలో కారులో తిప్పకూడదని పాముని పెట్టెలోనే ఉంచి, వేడినీళ్ళ సంచి కొత్తగా నింపి, తలుపుకి తాళంవేసి నాతో బయల్దేరింది. వెళ్ళడం తొందరగానే వెళ్ళాం. తిరిగొచ్చేసరికి కొండ కిందనుంచే రోడ్డు పొడుగునా పండగకొచ్చిన కార్లు. నా బండి పొలం గట్టున వదిలి నడిచాం. పిన్ని ఆ ఎత్తంతా మందుసీసా రొమ్ముకి ఆన్చుకుని, ఎక్కడా ఆగకుండా ఎక్కింది. గంటలు మొదలయ్యాయి.

తలుపు తాళం వేసే ఉంది. పెట్టె ఖాళీగా ఉంది. వేడినీళ్ళ సంచి ఇంకా వెచ్చగా ఉంది.

"తాళంచెవి," అంది పిన్ని. "వాడు పుట్టిన ఇల్లిది. వాడి దగ్గర తాళంచెవి ఉంటుందని నాకు తట్టలేదు."

కోటు కూడా విప్పకుండా వెనక్కి తిరిగింది. చర్చి ముందు మెట్ల దగ్గర స్వరూపం అప్పటికే బయటికొచ్చి ఆగి ఉంది. నలుగురు మోసేవాళ్ళు, ముందు కుడివైపు క్విరీనో. పునీతుడి మెడలో అతని రెండు చిన్నపాములూ, వాటికి చుట్టుకుని పెద్ద సిస్టరమ్మ. కొండమీదనుంచి చలిగాలి వీస్తోంది. పాము మెడ ఎత్తి ఉంది, నోరు తెరిచి ఉంది. జనం ఏడుస్తున్నారు. తల్లులు పిల్లల్ని భుజాల మీదకెత్తి చూపిస్తున్నారు. బార్ యజమాని ఫోటోలు తీస్తూ, "బార్ గోడమీద పాన్ఫీలో ఫోటో పక్కన ఇదే," అంటున్నాడు ఎవరితోనో.

పిన్ని జనంలోంచి నడిచింది. స్వరూపాన్ని ముద్దుపెట్టుకోడానికి పోతోందనుకుని దారి ఇచ్చారు. ఆమె స్వరూపం పక్కన ఉన్న రాతిదిమ్మె ఎక్కి, రెండు చేతులూ చాచి, పాము చుట్టలు ఒక్కొక్కటీ విప్పసాగింది.

క్విరీనో భుజం మీద కొయ్యదూలం ఉంది. వదిలితే స్వరూపం కింద పడుతుంది. కదల్లేడు. పళ్ళ మధ్యనుంచి మాట్లాడాడు.

"వదినా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"దిగు. నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగు."

"రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు పట్టుకుందువుగాని."

చిన్నపాముల్ని వాటిచోట వాటిని సర్దింది. పెద్ద సిస్టరమ్మని కోటు లోపలికి, ఒంటికి ఆన్చి తీసుకుంది. అప్పుడు జనానికి అర్థమైంది. ఒక్కసారి చప్పుడంతా ఆగింది. బాజాల వాళ్ళు కూడా ఆపేశారు. ఆమె దిమ్మె దిగి నడుస్తుంటే వెనకనుంచి ఎవరో ఆడగొంతుతో అన్నారు, "మొగుడు పునీతుడికిచ్చాడు. పెళ్ళాం లాక్కుంది." కొందరు నవ్వారు. ఒక ముసలాయన నేలమీద ఉమ్మాడు. ఆమె తల తిప్పలేదు. నేను ఆమె పక్కన నడుస్తుంటే కోటు లోపల్నుంచి ఆ టిక్కు టిక్కు చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

ఇంటికొచ్చి సూది వేసింది. నీళ్ళసంచి మార్చింది. చిగుళ్ళ మీద మళ్ళీ రక్తం. ఎవరెవరి చేతులు మారిందో, ఎవరెలా పట్టుకున్నారో, పెదవి చీలిక మళ్ళీ తెరుచుకుంది. మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. ఆ వడగళ్ళలోనే ఒకళ్ళిద్దరు గొడుగులేసుకుని నిలబడి ఆమె కిటికీకేసి చూసి పోయారు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి పెట్టె మూత తీసి ఉంది. పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది, పాము ఆమె ఒడిలో ఉంది. అడగనక్కరలేకపోయింది. దాని మెడ కుర్చీ అంచు మీంచి వేలాడుతోంది, ఎవరో తీసి పడేసిన నడికట్టులా.

"పోయింది," అంది. "తెల్లారగట్ల పోయింది. తల ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది."

పొయ్యిలో రెండు కట్టెలు వేశాను. ఆమె వద్దంది. "ఇంకెవరికి వెచ్చన?"

కాసేపటికి ఆమె టెలిఫోన్ కార్డు అడిగింది. చచ్చిన పాము నోరు తెరిచి, చిగుళ్ళ వెంట, గాలిదారి చుట్టూ చూసింది. చీము గాలిదారి అంచుదాకా వచ్చి ఉంది. ఆమె నోరు మూసి, ఒక శుభ్రమైన తువ్వాల్లో పాముని చుట్టి, చాలాసేపు తువ్వాలంచులు సమంగా సర్దుతూ కూర్చుంది.

"దీనికి నయమవుతోంది, అమ్మాయ్. నువ్వు చూశావుగా. ఆ ముద్దలు వదిలాయి. నేను అబద్ధం చెప్పలేదుగా?"

"చెప్పలేదు పిన్నీ."

"ఇంకో వారం." ఆమె గొంతులో ఏడుపు లేదు, అంతకంటే చేదైనదేదో ఉంది. "వీళ్ళకి ఊపిరి ఆడకపోవడం చూస్తే భక్తి పుడుతుంది. నా మొగుడికి పుట్టింది. ఇప్పుడు క్విరీనోకి పుట్టింది. రేపు నాకు ఊపిరాడకపోతే నా చుట్టూ కూడా కొవ్వొత్తులే పెడతారు, కిటికీ తియ్యరు."

తర్వాత ఆమె లేచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. కడుక్కుంటూ, అటుతిరిగే మాట్లాడింది.

"వాడి రెండు చిన్నపాములూ నిన్న స్వరూపం మీద దీన్ని పెనవేసుకునే ఉన్నాయి. దీని నోట్లో నీళ్ళు వాటి మొహాలమీద కారడం నేను చూశాను. ఇవాళ మధ్యాహ్నం ఊరందరూ తమ పాముల్ని కొండమీద వదిలేస్తారు, వాడూ వదిలేస్తాడు. వాటికి ఈ జబ్బు అంటుకుని ఉంటే ఆ రాళ్ళ కింద ఉన్న ప్రతి పాముకీ పడుతుంది. పొద్దున్నే ఫోన్ చేశాను, నా గొంతు విని పెట్టేశాడు. తలుపు కొట్టాను, లోపల రేడియో పెద్దది చేశాడు."

"నేను వెళ్ళనా?"

"నువ్వే వెళ్ళాలి. నీకైతే తీస్తాడు. మొదట అరుస్తాడు, అరవనీ, మధ్యలో మాట్లాడకు. అరిచి అరిచి అలిసిపోయి కూర్చుంటాడు. అప్పుడు చెప్పు, వాటిని వదలొద్దని. రెంటినీ వేరు వేరు పెట్టెల్లో, పైన వంటింట్లో పెట్టమను, నేలమాళిగలో కాదు. వారం పదిరోజులు మూతి చూస్తూ ఉండమను, బుడగలొచ్చినా, చప్పుడొచ్చినా డాక్టరమ్మకి చూపించమను. ఆవిడ నంబరు ఇదిగో. నా దగ్గరికి తెమ్మనకు. నేను చెప్పానని అసలు చెప్పకు, డాక్టరమ్మ చెప్పిందను. నేనంటే ఒప్పుకోడు." ఆమె మూత పెట్టిన చిన్న గిన్నె నా చేతిలో పెట్టింది. చిక్కుడుగింజల కూర, ఇంకా వేడిగా ఉంది. "ఇది కూడా పట్టుకెళ్ళు. నిన్నంతా స్వరూపం మోశాడు, ఏమీ తిని ఉండడు. నువ్వు వండావని చెప్పు. ఊఁ, పో, వాళ్ళు బయల్దేరకముందే పో."